హాలు కట్టాక ఎవరు చూస్తారు?

అమెరికాలోని ఓహియో స్టేట్ యూనివర్సిటీ మార్చింగ్ బ్యాండులో 200 మందికి పైగా విద్యార్థులున్నారు. వారివన్నీ ఇత్తడి బాకాలు, డ్రమ్ములే. అందరూ కలిసి వాయిస్తే మామూలు తరగతి గదిలో చెవులు చిల్లులు పడతాయి. అందుకే ఎత్తయిన కప్పు, శబ్దాన్ని పీల్చుకునే గోడలు, వాయిద్యాలు భద్రపరిచే అరలు గల ప్రత్యేక హాలు అవసరం. ఈ బ్యాండు హాలు అక్కడి స్టేడియంలోనే ఉంది. విరాళమిచ్చిన స్టెయిన్‌బ్రెన్నర్ దంపతుల్లో భార్య జోన్ పేరు దానికి పెట్టారు. ఆమె అక్కడి పూర్వ విద్యార్థినే.

పెద్ద దాత దొరికితే గోడలు లేస్తాయి. కరెంటు బిల్లు, మరమ్మతులు మాత్రం ఏటా వస్తూనే ఉంటాయి. అందుకే అమెరికా యూనివర్సిటీలు శాశ్వత నిధి ఏర్పాటు చేసి, అసలు కదపకుండా రాబడితోనే ఖర్చులు నడుపుతాయి. చిన్న విరాళాలకూ అందులో చోటుంటుంది.

మిత్రులారా! రేపు మనం హాస్టల్‌కు లైబ్రరీ గది కట్టించినా, పుస్తకాలకూ బల్బులకూ సరిపడే నిధిని ముందే ఆలోచిద్దాం.