పోర్టోరికో గుట్టల అరుదైన గడ్డి

అరిస్టిడా చేసియే అనే గడ్డి కరీబియన్ సముద్రంలోని పోర్టోరికో ద్వీపంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. తెలుగునేల బంజర్లలో, గుట్టల మీద మొలిచే చీపురు గడ్డికి ఇది దగ్గరి చుట్టం. రెండూ అరిస్టిడా ప్రజాతివే. గింజ కొసన మూడు సన్నటి మీసాలుండడం ఈ ప్రజాతి గుర్తు. పశువుల బొచ్చుకో, మనుషుల బట్టలకో మీసాలు తగులుకుని గింజ కొత్త చోటికి చేరుతుంది.

పోర్టోరికోకు వానగాలులు ఈశాన్యం నుంచి వస్తాయి. నడుమనున్న కొండలు వాటిని ఆపేయడంతో నైరుతి మూల ఎండిపోయి ఉంటుంది. అక్కడి సియెర్రా బెర్మెహా గుట్టల్లో ద్వీపంలోకెల్లా పాతవైన జురాసిక్ కాలపు రాళ్లున్నాయి. మట్టి పలచన, నీరు నిలవదు. ఈ గడ్డి అక్కడ దుబ్బులుగా పెరుగుతుంది. ఆకులు లోపలికి చుట్టుకోవడం వల్ల తేమ త్వరగా ఆవిరైపోదు.

దీన్ని 1913లో సేకరించింది అమెరికా వృక్షశాస్త్రజ్ఞురాలు ఆగ్నెస్ చేస్ (1869–1963). కాలేజీ డిగ్రీ లేకుండానే, సొంత కృషితో ఆమె గడ్డిజాతులపై ప్రపంచ స్థాయి నిపుణురాలయ్యారు. మహిళల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకూ వెళ్లారు. ఆమెతో కలిసి పనిచేసిన హిచ్‌కాక్ ఈ గడ్డికి ఆమె పేరే పెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎవరి కంటా పడని ఈ గడ్డి చివరికి మళ్లీ కనిపించింది.

దీనికి పెద్ద ముప్పు మరో గడ్డి నుంచే వచ్చింది. పశువుల మేత కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన గినీ గడ్డి ఏపుగా పెరిగి, స్థానిక మొక్కలకు వెలుతురు, చోటు లేకుండా చేస్తుంది. వానలు లేని కాలంలో ఎండి మంటలకు ఆజ్యమవుతుంది. కాలిన చోట మళ్లీ ముందుగా చిగురించేదీ అదే. పచ్చిక బయళ్ల కోసం, ఇళ్ల కోసం నేల చదును చేయడం ఈ ముప్పుకు తోడైంది.

అమెరికా ప్రభుత్వం 1993లో ఈ గడ్డిని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. దీని చుట్టమే అయిన అరిస్టిడా పోర్టోరిసెన్సిస్ 1990లోనే ఆ జాబితాకెక్కింది. ద్వీపపు నైరుతి మూలనే ఉన్న కాబో రోహో వన్యప్రాణి అభయారణ్యంలో ఈ గడ్డికి కొంత రక్షణ ఉంది. అయితే ఆ రక్షణ ఒక్కటే చాలదు. మంటలను ఆపాలి, బయటి గడ్డిని ఏరివేయాలి, గింజలు సేకరించి విత్తన నిధుల్లో దాచాలి. ఒక్క ద్వీపంలోనే బతికే జాతి అక్కడ పోతే, తిరిగి తెచ్చుకోవడానికి ప్రపంచంలో మరో చోటు ఉండదు.