చలి సెలవుల్లో... ఇద్దరా, ఇంటిల్లిపాదా?

ఆలూమగలకు కాస్త ఏకాంతం కావాలి. అమ్మమ్మలకూ నానమ్మలకూ మనవలు కావాలి. స్నేహితులకు కొండలూ గుట్టలూ ఎక్కే సాహసాలు కావాలి. ఉన్న నాలుగు రోజుల సెలవుల్లో ఇవన్నీ కుదిరేదెలా? మన్యం వైపు బయల్దేరితే జవాబు దొరుకుతుంది!

వేసవి సెలవులు పిల్లలవి. దసరా సెలవులు పండగవి. చలికాలం సెలవులు మాత్రం అచ్చంగా పెద్దవాళ్లవి. ఎండ బాధ ఉండదు, వాన భయం ఉండదు. క్రిస్మస్, కొత్త సంవత్సరం, ఆ వెనకే సంక్రాంతి. వాడుకోని క్యాజువల్ లీవులు డిసెంబరు 31తో మురిగిపోతాయన్న బెంగ దీనికి తోడు. అందుకే నవంబరు దాటిందంటే చాలు, ఉద్యోగాలు చేసుకునే జంటల కళ్లన్నీ క్యాలెండరు మీదే ఉంటాయి.

అయితే సెలవు దొరకడం ఒక ఎత్తు, ఆ సెలవు ఎవరికివ్వాలో తేల్చుకోవడం మరో ఎత్తు.

విజయవాడలో కాపురముండే ఓ జంటనే తీసుకోండి. ఆయనకు బ్యాంకు ఉద్యోగం. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. పెళ్లై ఆరేళ్లు, ఓ బాబు. ''ఏవండీ, ఈసారైనా మనం ముగ్గురమే ఎక్కడికైనా వెళ్దామండీ'' అంటుందావిడ. ఆయన ''సరే'' అనేలోపే అత్తగారి ఫోను: ''ఏమ్మా, సెలవులిచ్చారా? బాబును ఎప్పుడు తీసుకొస్తున్నారు?'' అది పెట్టేయగానే పుట్టింటి నుంచి: ''పోయినేడు మీ అత్తగారింటికే వెళ్లారుగా, ఈ ఏడు ఇటు రండమ్మా. అల్లుడుగారికి కూడా చెప్పు.'' రాత్రికి ఆయన స్నేహితుడు: ''ఒరేయ్, వంజంగి వెళ్దాంరా, టెంట్ల సంగతి నేను చూసుకుంటా.''

ఇది ఒక్క ఇంటి కథ కాదు. దాదాపు ఇంటింటి కథ.

ఎవరి వంతు?

మన ఇళ్లల్లో దీనికి పాతకాలం పరిష్కారం ఒకటుంది. ఓ ఏడు అటు, ఓ ఏడు ఇటు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ లెక్క నాలుగేళ్లు నడిచేసరికి ప్రయాణం కాస్తా బాకీ తీర్చుకోవడంగా మారిపోతుంది. 'పోయినసారి అక్కడ నాలుగు రోజులున్నారు, ఇక్కడ మూడేనా' అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. పైగా ఊరెళ్లిన కోడలికి దక్కే విశ్రాంతి ఎంత? తెల్లారి లేస్తే కాఫీలు, టిఫిన్లు, వచ్చే పోయే చుట్టాలు. సెలవంతా పొయ్యి దగ్గరే కరిగిపోతుంది. అత్తగారి పరిస్థితీ అంతే. పిల్లలొచ్చారన్న సంబరంలో అరిసెలు, జంతికలు వండి వండి నడుం పట్టేస్తుంది.

అందుకే ఈమధ్య చాలా కుటుంబాలు మూడో దారి పట్టాయి. మీ ఊరూ వద్దు, మా ఊరూ వద్దు. అందరం కలిసి ఓ కొత్తచోటికి పోదాం. అక్కడ ఎవరూ ఇల్లాలు కాదు, ఎవరూ అతిథి కాదు. వంటకు వేరే మనుషులుంటారు. వియ్యపురాళ్లిద్దరూ ఒకే మంచం మీద చెరో రగ్గు కప్పుకుని మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. పెళ్లిలో హడావుడిగా పలకరించుకోవడమే తప్ప తీరిగ్గా కూర్చోని వియ్యంకులు ఆరేళ్ల తర్వాత మొదటిసారి కబుర్లలో పడతారు. నిజానికి ఆ జంట పెట్టే ఖర్చుకు అసలు ఫలితం ఇదే. తల్లిదండ్రులకు మెట్లెక్కే ఓపిక, చూడాలన్న ఉత్సాహం ఉన్న ఏళ్లు ఎన్నో ఉండవు. 'వచ్చే ఏడు చూద్దాంలే' అన్నన్నిసార్లూ ఆ లెక్కలో ఓ ఏడు తరిగిపోతుంది.

మరి ఆ కొత్తచోటు ఎలా ఉండాలి? పెద్దలకు కూర్చుని చూసేది, కుర్రకారుకు ఎక్కి చూసేది, పిల్లలకు ఆడుకునేది... మూడూ ఒకేచోట ఉండాలి. చలికాలంలో తెలుగునాట అలాంటి చోటంటే ముందు గుర్తొచ్చేది అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలోనే అరకు, బొర్రా, లంబసింగి, వంజంగి అన్నీ ఉన్నాయి.

లంబసింగికి అంత చలెందుకు?

చింతపల్లి మండలంలోని చిన్న ఊరు లంబసింగి. అనకాపల్లిలోనో తునిలోనో రైలు దిగి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కితే వస్తుంది. దీనికే కొర్రబయలు అని మరో పేరు. రాత్రిపూట బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అలా పిలిచారట!

సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉందీ ఊరు. పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అదొక్కటే అయితే చల్లగా ఉండి ఊరుకునేది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆకాశంలో మబ్బు ఉండదు. పగలు నేల పీల్చుకున్న వేడంతా అడ్డు లేకుండా పైకి పోతుంది. నేలనంటుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు మీదుగా జారి లోయలో చేరుతుంది. గిన్నెలో నీళ్లు నిలిచినట్టు లోయలో చలి నిలుస్తుందన్నమాట. అందుకే కొన్నేళ్లలో ఇక్కడ పాదరసం సున్నాకు చేరువగా దిగింది. అయితే హిమాలయాల్లోలా ఇక్కడ మంచు కురుస్తుందనుకుని వెళితే నిరాశే. మనకు అన్నిటికీ 'మంచు' అన్న మాట ఒక్కటే కాబట్టి ఈ గందరగోళం. లంబసింగిలో కనిపించేది పొగమంచు. మరీ చలిగా ఉన్న రోజున గడ్డిపరకల మీద పేరుకున్న తెల్లటి పొర.

వంజంగిలో, చెరువులవేనంలో కనిపించే పాలసముద్రం రహస్యమూ ఇదే. లోయలో నిలిచిన చల్లగాలిలో తేమ పొగమంచుగా మారుతుంది. దానిపైన గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి మూత పెట్టినట్టు పైకి రానివ్వదు. కొండెక్కిన మనం ఆ మూతకు పైన ఉంటాం. కింద తెల్లటి కడలి, అందులో ద్వీపాల్లా కొండకొమ్ములు, వాటి మధ్య నుంచి సూర్యుడు! ఎండ చురుక్కుమంటే అంతా కరిగిపోతుంది. కాబట్టి పొద్దుపొడవక ముందే పైకి చేరాలి. ఎనిమిదింటికి నింపాదిగా లేచి టిఫిన్ చేసి వెళ్తామంటే మిగిలేది మామూలు కొండే.

పెద్దలకు రైలు... కుర్రాళ్లకు కాలిబాట

అందరూ కలిసి వెళ్లారు కదాని అందరూ అన్నీ చేయనక్కర్లేదు. ఉమ్మడి ప్రయాణాలు బెడిసికొట్టేది ఇక్కడే. మోకాళ్ల నొప్పులున్న మామగారిని వంజంగి ఎక్కించి, ఉరకలేసే బావమరిదిని తోటలో కూర్చోబెడితే ఇద్దరికీ విసుగే. పొద్దున ఎవరి దారి వారిది, సాయంత్రం అందరిదీ ఒకే దారి... ఈ సూత్రం పాటిస్తే గొడవలుండవు.

పెద్దలకు విశాఖ-అరకు రైలును మించింది లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపేందుకు 1960ల్లో వేసిన మార్గమిది. పొద్దున్నే విశాఖలో బయల్దేరే కిరండోల్ రైలు సొరంగాల్లో దూరుతూ, వంతెనలు దాటుతూ నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు వేసే కేకలు ఈ ప్రయాణంలో ఉచితం. అద్దాల పైకప్పుండే విస్టాడోమ్ బోగీ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. సెలవుల రద్దీలో ఆ టికెట్లు దొరకడం కష్టం, ముందే చూసుకోవాలి. అరకులో పద్మాపురం తోటలు, గిరిజన మ్యూజియం నెమ్మదిగా తిరగొచ్చు. బొర్రా గుహల్లో మాత్రం మెట్లెక్కువ. నడవలేనివాళ్లు పైన కూర్చుని వెదురు గొట్టంలో కాల్చిన బొంగు చికెన్ రుచి చూడటమే మేలు.

కుర్రకారుకు బొర్రా దగ్గర్లోని కటికి జలపాతం దాకా నడక, వంజంగి ఎక్కుడు, రాత్రికి టెంట్లు. పిల్లలకు కాఫీ తోటలు. చలికాలమే కాఫీ పండ్లు కోసే కాలం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఎర్రటి కాఫీ పండ్లు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. కాఫీ పండు తొక్క తియ్యగా ఉంటుందని చాలామంది పెద్దలకే తెలియదు! ఈ అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మరి ఆ ఇద్దరికీ? పన్నెండు మంది మధ్య ఆలూమగలకు ఏకాంతం ఎక్కడ దొరుకుతుందనే కదా! ఉన్నారుగా అమ్మమ్మా నానమ్మా. పొద్దున అయిదింటికి బాబును వాళ్ల పక్కలో పడుకోబెట్టి, ఇద్దరూ శాలువాలు కప్పుకుని అలా కొండవైపు నడిస్తే... తెల్లారే దాకా ఎవరూ అడగరు. ఇంటి దగ్గర ఏడాదంతా దొరకనిది ఆ ఒక్క గంటే. విచిత్రమేంటంటే, ముగ్గురే వెళ్లి ఉంటే బాబును వదిలి ఆ గంట కూడా నడవగలిగేవారు కాదు!

ముచ్చట ముప్పు కాకూడదు

చలికాలం విహారంలో ప్రమాదాలు ఎక్కువగా చిన్న ఏమరుపాటు వల్లే. కొన్ని సంగతులు బయల్దేరే ముందే ఇంట్లో అందరికీ చెప్పాలి.

గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపులు బిగించి పడుకోవద్దు. గాలి చాలక బొగ్గులు సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట ఆరుబయటే. పడుకునేముందు నీళ్లు పోసి ఆర్పాల్సిందే.

ఘాట్‌రోడ్డులో పొగమంచు కమ్మినప్పుడు హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచాలి. హైబీమ్ వేస్తే ఆ వెలుతురు మంచుకు తగిలి మన కళ్లలోకే కొడుతుంది. ఇరుకు మలుపులో ఎదురెదురైతే ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. దిగేటప్పుడు బ్రేకుల మీదే ఆధారపడకుండా చిన్న గేరులో దిగాలి. రాత్రి ప్రయాణం పెట్టుకోకపోవడం అన్నిటికన్నా మంచిది.

చాపరాయి లాంటి చోట్ల బండల మీద నీరు మోకాలి లోతే అనిపిస్తుంది. కానీ నాచు పట్టిన బండ జారిస్తే పక్కనున్న గుంటలోకే. సెల్ఫీ కోసం వెనక్కి నడవడం అసలే వద్దు.

చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్న పెద్దలను తెల్లవారుజామున ఉన్నపళంగా బయటికి తీసుకెళ్లొద్దు. వాళ్ల మందులు రెండు రోజులకు ఎక్కువే సర్దాలి. కొండమీద అన్ని ఊళ్లలో మందుల షాపులుండవు.

అక్కడ మనం చుట్టాలం

పర్యటకులకు ఇది విహార స్థలం. గిరిజనులకు ఇల్లూ వాకిలీ. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించిన మొదటి పోలీసు ఠాణా చింతపల్లిదే. అడవి మీద హక్కు కోసం ఆ కొండలు ఎంత పోరాడాయో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠశాల లేదు. దారిలో కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి దగ్గర ఓ పది నిమిషాలు ఆగినా చాలు.

చుట్టపు చూపుగా వెళ్లినవాళ్లు చుట్టాల్లాగే మెలగాలి. అడక్కుండా ఫొటోలు తీయడం, పసుపురంగు వలిసె పూల చేలలో దిగి తొక్కడం, ప్లాస్టిక్ సీసాలు లోయలోకి విసరడం... మన పెరట్లో ఎవరైనా చేస్తే ఊరుకుంటామా? తెచ్చిన చెత్త తిరిగి తీసుకెళ్లడానికి కారులో ఓ ఖాళీ సంచి ఉంచుకుంటే సరి. కొనేదేదో అక్కడి సంతలోనే కొనండి. రాజ్‌మా, పసుపు, మిరియాలు, కాఫీపొడి... ఇంటికి తెచ్చుకునే జ్ఞాపకాలు అవే. బేరం మాత్రం మరీ గీచి ఆడకండి.

కొండలు కుదరకపోతే...

* కడప జిల్లా గండికోటలో పెన్నా నది ఎర్రమల కొండల్ని చీల్చుకుని పోయే లోయ, పక్కనే కోట. ఎండాకాలం నిలబడలేని ఆ బండల మీద చలికాలమే హాయి.

* నంద్యాల జిల్లా బెలుం గుహల్లో పర్యటకులు నడవగలిగే దారే సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. బయట చలి ఉన్నా లోపల ఉక్కపోతే. పెద్దలకు నీళ్లు తప్పనిసరి.

* పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూళ్లు కట్టుకునే గూడబాతులు చలికాలం అతిథులు. బైనాక్యులర్ ఉంటే పిల్లలకు పండగే.

* హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి కొండలు దగ్గర. మూసీ నది పుట్టేది అక్కడే. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

ఎక్కడికి వెళ్లినా, ఎన్ని రోజులున్నా ఖర్చు లెక్క, గదుల లెక్క ముందే తేల్చుకోండి. రెండువైపుల వాళ్లనూ ఒకే మాటతో, ఒకే రోజు పిలవండి. ఒకరికి ముందు, ఒకరికి తర్వాత తెలిస్తే ప్రయాణం మొదలవక ముందే పితలాటకం మొదలవుతుంది. ఇక బయల్దేరడమే తరువాయి. స్వెట్టర్లు అటక మీద నుంచి దించి, ఓసారి ఎండలో పడేయండి మరి!