బాల కార్మికుడి పేరున రూ.35 వేలు.. తోటలో పిక్కలేరే పిల్లలకు ఎందుకు రావు?

వేసవి అంటే ఉద్దానంలో జీడి సీజన్. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి మందస, వజ్రపుకొత్తూరు, పలాస దాకా తోటల్లో పిక్కలు రాలుతుంటాయి. పొద్దున్నే సంచులు పట్టుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. వాళ్లలో బడి పిల్లలూ ఉంటారు. బాల కార్మికులను తగ్గించడానికి ప్రభుత్వాలు పెడుతున్న డబ్బు వీళ్ల దాకా వస్తోందా? వస్తే ఏ దారిలో వస్తోంది?

ముందు ఆ రూ.35 వేల సంగతి చూద్దాం. ప్రమాదకర పనుల్లో పిల్లల్ని పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లాడికి రూ.20 వేలు కట్టాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 10న తీర్పు ఇచ్చింది. ఆ ఇంట్లో ఒక పెద్దవాళ్లకి ప్రభుత్వం పని చూపించాలి, లేదంటే తన వంతుగా రూ.5 వేలు వేయాలి అని కూడా చెప్పింది. 2016 సవరణ చట్టం ప్రభుత్వ వాటాను రూ.15 వేలకు పెంచింది. యజమానికి జరిమానా రూ.20 వేల నుంచి రూ.50 వేలు. అంటే తక్కువలో తక్కువ రూ.35 వేలు ఆ పిల్లాడి పేరున పునరావాస నిధిలో పడాలి. వడ్డీ ఆరు నెలలకోసారి ఇస్తారు, అసలు 18 ఏళ్లు నిండాక చేతికొస్తుంది.

6 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి రూ.2,100. నెలకు రూ.175. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ ఒక్కరోజు కూలే రూ.307. ఇక పోల్చుకోండి.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ డబ్బు కదలాలంటే కేసు ఉండాలి. కేసు ఉండాలంటే యజమాని ఉండాలి. సొంత తోటలో యజమాని ఎవరు? నాన్నే. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని చెప్పిన 2016 చట్టమే, కుటుంబానికి సాయం చేయడానికి మినహాయింపు ఇచ్చింది. 2017 నిబంధనల్లో దానికి హద్దులు పెట్టారు. బడి టైమ్‌లో కుదరదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 లోపు కుదరదు. రోజుకు 3 గంటలు దాటకూడదు. పిక్కలేరే పని ఎక్కువగా ఉదయం 8 లోపే మొదలవుతుందని ఉద్దానంలో ఎవరిని అడిగినా చెబుతారు. మరి అక్కడ గడియారం చూసేదెవరు? (కన్నవాళ్ల మీద కేసులు పెట్టమని కాదు. ఆ రూల్ తోటలో ఎలా అమలవుతుందన్నదే ప్రశ్న.)

అదే పిక్క పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీకి చేరితే కథ మారిపోతుంది. పెంకులోంచి కారే జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే 1986 చట్టం షెడ్యూల్‌లో జీడిపప్పు ప్రాసెసింగ్‌ను పిల్లలకు నిషేధించిన పనుల్లో చేర్చారు. అక్కడ పిల్లాడు దొరికితే కేసు, జరిమానా, నిధి అన్నీ వస్తాయి. వేరే రైతు తోటలో 14 ఏళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టుకున్నా అంతే.

ఇంతకుముందు ఇంకో దారి ఉండేది. 1988లో మొదలైన జాతీయ బాల కార్మిక ప్రాజెక్టు. శ్రీకాకుళం కూడా ఆ జిల్లాల్లో ఉంది. పని మాన్పించిన 9-14 ఏళ్ల పిల్లలకు ప్రత్యేక శిక్షణ కేంద్రాలు, మధ్యాహ్న భోజనం, నెలకు రూ.400 స్టైపెండ్ ఇచ్చేవాళ్లు. 2021 ఏప్రిల్ నుంచి దాన్ని సమగ్ర శిక్షలో కలిపేశారు. ఇప్పుడు వీళ్లు బడి బయటి పిల్లల లెక్కలోకి వస్తారు. బడిలో పేరుండి, సీజన్‌లో తోటకెళ్లే పిల్లాడు ఆ లెక్కలోనూ కనపడడు.

పత్తి విత్తన సాగులో కంపెనీల డబ్బు కొంత పనిచేసింది. పిల్లల్ని పెట్టుకోని రైతులకు బేయర్ 5 శాతం అదనపు ధర ఇచ్చింది. అక్కడ కొనేది ఒకే కంపెనీ, పొలానికొచ్చి చూసేదీ వాళ్లే. జీడిలో అలా కుదరడం కష్టం. మన పిక్కలు వ్యాపారుల చేతులు మారి, ఆఫ్రికా నుంచి దిగుమతైన పిక్కలతో కలిసిపోతాయి. ఏ పప్పు ఏ తోటదో ఎవరికి తెలుసు?

ఇక మిగిలింది తల్లి ఖాతాలో పడే డబ్బు. 2025 జూన్ 12న ప్రభుత్వం తల్లికి వందనం ప్రకటించింది. అదే రోజు ప్రపంచ బాల కార్మిక వ్యతిరేక దినం కూడా. 67.27 లక్షల మంది విద్యార్థులకు రూ.8,745 కోట్లు. ఒక్కో పిల్లాడికి రూ.15 వేలల్లో స్కూల్ నిర్వహణకు రూ.2 వేలు పోగా రూ.13 వేలు. కేసు అక్కర్లేదు, యజమాని అక్కర్లేదు. తోటలో పనిచేసే పిల్లాడి ఇంటికి నిజంగా చేరే పెద్ద మొత్తం ఇదే.

కానీ డబ్బు పడేది జూన్‌లో, పని పిలిచేది అంతకుముందు వేసవిలో. పైగా షరతు 75 శాతం హాజరు. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 55 రోజులు మానేసినా డబ్బు వస్తుంది. ఇంట్లో సంపాదించేవాళ్లు కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వెళ్తుంటే, రూ.10 వేల పింఛను వచ్చినా సీజన్‌లో ఆ చేతుల పని ఎవరో ఒకరు చేయాలి కదా.

ఒక రూల్ మాత్రం గుర్తుపెట్టుకోండి. పిల్లాడు చెప్పకుండా వరుసగా 30 రోజులు బడికి రాకపోతే హెడ్‌మాస్టర్ ఆ విషయం నోడల్ అధికారికి తెలపాలి. 14 ఏళ్లలోపు పిల్లల్ని కూలికి పెట్టారని తెలిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు, లేదా పెన్సిల్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కేసు అయ్యాక పిల్లాడి పేరున ఆ రూ.35 వేలు జమ అయ్యాయా అని కార్మిక శాఖ ఆఫీసులో అడగండి.