క్షేత్ర పరిశీలనల భద్రత: బ్రౌజర్‌లోనే ఫైలు తయారీ

వ్యవసాయ పరిశోధనలో మొక్క ఎత్తు, పిలకల సంఖ్య, పురుగుల ఉధృతి వంటి అంశాలను పైరు నిర్ణీత దశలలోనే నమోదు చేయవలసి ఉంటుంది. పూత దశలో తీసిన కొలత పోయినట్లయితే, మరల అదే పంటకాలం వచ్చేవరకు వేచి ఉండవలసినదే. ఈ వివరాలను మొబైల్ ఫోన్ బ్రౌజర్‌లో నింపునపుడు అవి మొదట పేజీ తాత్కాలిక మెమరీలో మాత్రమే ఉంటాయి. పేజీని మూసివేసినచో అవి నశిస్తాయి.

బ్రౌజర్‌లోని స్థానిక నిల్వ కొంతవరకు ఉపయోగపడినను, అది శాశ్వతం కాదు. ఉదాహరణకు, సఫారీ బ్రౌజర్‌ను ఏడు రోజులు వాడినప్పటికీ ఒక వెబ్‌సైటును తెరవనిచో, ఆ సైటు జావాస్క్రిప్ట్ ద్వారా దాచిన సమాచారాన్ని 2020 నుండి ఆ బ్రౌజర్ తొలగిస్తున్నది. పక్షానికొకసారి జరిపే పరిశీలనలకు ఇది ప్రమాదకరము. కావున ప్రతి పరిశీలన ముగిసిన వెంటనే వివరాలను ఫైలుగా భద్రపరచుట శ్రేయస్కరము.

ఫైలు తయారుచేయు విధానము

ఒకసారి పేజీ తెరుచుకున్న తరువాత ఈ పనికి సర్వర్ గాని, ఇంటర్నెట్ గాని అవసరం లేదు. ముందుగా వివరాలను కామాలతో వేరుచేసి, సీఎస్‌వీ పాఠంగా కూర్చవలెను. ఆ పాఠాన్ని ‘బ్లాబ్’ అను వస్తువులో ఉంచి, దానికి బ్రౌజర్ ద్వారా తాత్కాలిక చిరునామా పొందవలెను. ఆ చిరునామాను ‘డౌన్‌లోడ్’ గుణం గల లింకుకు జతచేసి, ప్రోగ్రాం ద్వారానే క్లిక్ చేయించినచో ఫైలు ఫోన్‌లోనికి చేరుతుంది. పని ముగిసిన పిదప తాత్కాలిక చిరునామాను రద్దు చేసినచో మెమరీ ఖాళీ అవుతుంది.

గమనించవలసిన అంశాలు

1. తెలుగులో వ్రాసిన రకాల పేర్లు, గ్రామాల పేర్లు ఎక్సెల్‌లో తెరచినపుడు అర్థంకాని గుర్తులుగా మారవచ్చును. ఫైలు ఆరంభంలో యూటీఎఫ్-8 సంకేతాన్ని తెలుపు మూడు బైట్ల గుర్తును చేర్చినచో ఈ ఇబ్బంది తొలగుతుంది.

2. రిమార్కుల గడిలో కామా ఉన్నచో ఆ గడిని రెండు కొటేషన్ గుర్తుల నడుమ ఉంచవలెను. లేనిచో తరువాతి అంకెలన్నీ పక్క గడులలోనికి జరుగుతాయి.

3. ఫైలు పేరులో తేదీ చేర్చుటకు సాధారణంగా వాడే ‘టు ఐఎస్‌ఓ స్ట్రింగ్’ ప్రమేయం అంతర్జాతీయ సమయాన్ని ఇస్తుంది. భారత కాలమానం దానికంటె 5 గంటల 30 నిమిషాలు ముందున్నందున, తెల్లవారుజామున 5 గంటలకు తీసిన పరిశీలన ముందు రోజు తేదీతో నమోదగును. కనుక స్థానిక తేదీనే వాడవలెను.

4. ఫైలు చేరినదో లేదో తెరచి చూచిన పిమ్మటనే పేజీలోని వివరాలను చెరపవలెను.

పొలం గట్టు దాటకముందే ఫైలును తెరచి, వరుసల సంఖ్యను మళ్ల సంఖ్యతో సరిచూచుకొనుట మంచిది. లోపం కనిపించినను, మరల కొలుచుటకు పైరు ఇంకను ఎదుటనే ఉంటుంది.