మాటు, అతుకు: పగిలిన వెనుక ఇరుసు హౌసింగ్ మరమ్మతు – ఒక వివేచన

వ్యాససంగ్రహం:
వెనుక చక్రాలతో నడిచే వాహనంలో డిఫరెన్షియల్ హౌసింగ్ పగిలినప్పుడు సాధారణంగా మొదట కంటపడేది నూనె కారడం. కారే నూనెను ఆపడం ఒక పని. పోయిన బలాన్ని తిరిగి కల్పించడం మరొక పని. ‘మాటు’, ‘అతుకు’ అనే తెలుగు పదాల మధ్య గల అర్థభేదం ఈ రెండు పనుల తేడాను స్పష్టపరుస్తుంది. ఆ భేదం ఆధారంగా మరమ్మతు క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇరుసు, హౌసింగ్, బీడు, ఉక్కు, మాటు, అతుకు, వృత్తిపదజాలం.

1. ప్రవేశిక:
రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాద్, చేవెళ్ల మండలకేంద్రాలు హైదరాబాదు నుండి బీజాపూర్ వెళ్లే రహదారిపై ఉన్నాయి. కూరగాయలు, పూలు పండే ఈ ప్రాంతంలో ట్రాక్టరు, జీపు, సరుకుల వాహనం నిత్యజీవితంలో భాగం. డ్రాగ్ పందెపు కారు లోకం వేరు. నిలిచిన చోటు నుండి బయలుదేరి సుమారు 402 మీటర్ల దూరాన్ని వీలైనంత తక్కువ సమయంలో దాటడం దాని లక్ష్యం. అయినా ఆ కారు వెనుక ఇరుసుకు తగిలే దెబ్బ పొలంబాట వాహనానికి కొత్తది కాదు. బురదలో ఊరికే తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా గట్టినేలను పట్టుకున్నప్పుడు, బరువుతో ఉన్న జీపు ఇరుసుపై పడేది కూడా అదే జాతి దెబ్బ.

2. పగులు పుట్టుక:
ఇంజను నుండి వచ్చే శక్తిని పినియన్ అనే చిన్న పళ్లచక్రం క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రానికి అందిస్తుంది. చక్రాలు ముందుకు తిరగబోయినప్పుడు, ప్రతిచర్యగా హౌసింగ్ వెనక్కు తిరగబోతుంది. దానిని పట్టి ఉంచేవి కమాన్‌కట్టలు, బ్రాకెట్లు. అందువల్ల బ్రాకెట్ల వెల్డింగ్ అంచుల వద్దా, నడిమి గూడులో ఇరుపక్కల గొట్టాలు కలిసే చోటా పగులు పుట్టే అవకాశం ఎక్కువ. అది ఒక్క దెబ్బకే పుట్టనవసరం లేదు. కంటికి ఆనని సన్నని గీత ప్రతి కుదుపుకూ కొంత పెరిగి, గోడ మందాన్ని దాటినప్పుడు నూనె బయటికి వస్తుంది. అంటే నూనె చెమ్మ కనిపించేనాటికే లోహం చాలావరకు బలం కోల్పోయి ఉండవచ్చు.

3. లోహనిర్ధారణ:
సేద్యంలో ‘బీడు’ అంటే సాగులేని నేల. లోహపు పనిలో ‘బీడు’ అంటే పోత ఇనుము. మరమ్మతుకు ముందు తేలవలసిన మొదటి విషయం ఈ రెండో బీడుకు సంబంధించినదే. ట్రాక్టర్లలో ఇరుసు గూడు సాధారణంగా బీడుతో పోసినది. 1957లో వచ్చిన, డ్రాగ్ పందేల్లో పేరొందిన ఫోర్డ్ తొమ్మిదంగుళాల ఇరుసు హౌసింగ్ ఉక్కురేకును అచ్చులో వంచి చేసినది. మరికొన్ని ఇరుసులలో నడిమి గూడు బీడు, ఇరుపక్కల గొట్టాలు ఉక్కు. అయస్కాంతం రెండింటినీ పట్టుకుంటుంది కనుక దానితో భేదం తెలియదు. ఉలితో అంచును చెక్కితే ఉక్కు చుట్టలుగా లేస్తుంది. బీడు పొడిపొడిగా రాలుతుంది.

4. మరమ్మతు క్రమం:
నూనెను వంపి, ఇరుసు కడ్డీలను, పళ్లచక్రాలను, ఆయిల్ సీళ్లను తీసివేయాలి. జిడ్డును పూర్తిగా కడగాలి. క్లోరిన్ కలిసిన శుభ్రద్రవాలు వాడితే, వాటి తడి ఆర్క్ వేడికి విషవాయువుగా మారగలదు.

తరువాత పగులు కొసలను కనిపెట్టాలి. కిరోసిన్ పూసి, కొంతసేపు ఆగి, పైభాగాన్ని పొడిగా తుడిచి సుద్ద రాస్తే, పగులులో దాగిన కిరోసిన్ సుద్దపై తడిగీతగా తేలుతుంది. ఎర్రరంగు చొచ్చుద్రవం ఇదే సూత్రంపై మరింత నిశితంగా పనిచేస్తుంది. కంటికి కనిపించే కొసకంటే అసలు కొస దూరంగా ఉండడం సాధారణం. ఆ అసలు కొస వద్ద సుమారు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే, ఒక్క బిందువుపై కూడిన ఒత్తిడి చెదిరి పగులు ముందుకు పాకడం తగ్గుతుంది. ఆపైన పగులు పొడవునా లోహపు లోతు వరకు గాడి తీయాలి.

ఉక్కుకు 7018 వంటి తక్కువ హైడ్రోజన్ రాడ్డు తగినది. దానిని పొడిగా ఉంచాలి. బీడులో కర్బనం సుమారు 2 నుండి 4 శాతం. వెల్డింగ్ తరువాత త్వరగా చల్లారితే అతుకు పక్కనే పెళుసుపొర ఏర్పడి, అక్కడే మళ్లీ పగులుతుంది. అందుకే నికెల్ రాడ్డుతో సుమారు 25 మిల్లీమీటర్ల చిన్నచిన్న వరుసలు వేసి, ప్రతి వరుసనూ వేడిగా ఉండగానే సుత్తితో మెల్లగా తట్టి, చివరకు పొడి సున్నంలోనో బూడిదలోనో నెమ్మదిగా చల్లారనివ్వాలి.

వెల్డింగ్ చల్లారుతూ ముడుచుకొని గొట్టాన్ని తన వైపుకు లాగుతుంది. కనుక బేరింగ్ గూళ్ల గుండా నిడుపాటి నిటారు కడ్డీని దూర్చి, పనికి ముందూ వెనుకా తిన్నదనాన్ని సరిచూడాలి. వంకర మిగిలితే బేరింగులు, సీళ్లు త్వరగా చెడతాయి. చివరగా పగులు పరీక్షను మళ్లీ చేయాలి. పగులు బేరింగ్ గూటిలోకి పాకినా, నడిమి గూడులో గొట్టం వదులైనా హౌసింగ్‌ను మార్చడమే క్షేమకరం.

5. మాటు – అతుకు:
చిల్లుపడిన బిందెకు మాటు వేస్తారు. బిందె చేయవలసిన పని నీరు కారనివ్వకుండా ఉండడమే కనుక, ఆ మాటుతో దాని ప్రయోజనం నెరవేరుతుంది. హౌసింగ్ మాత్రం నూనెపాత్ర మాత్రమే కాదు; బండి బరువునూ, చక్రాల ఎదురుదెబ్బనూ మోసే ఎముక. పగులుపై నేరుగా వెల్డింగ్ గీత పోస్తే నూనె ఆగవచ్చు. అది మాటు. అడుగున పగులు అలాగే ఉండి, తదుపరి కుదుపుకు ఆ గీతనే చీల్చుకొని వస్తుంది. గాడి తీసి, రెండు అంచులను లోతు వరకు ఏకలోహంగా కలిపినది అతుకు. వాడుకలో, ముఖ్యంగా బట్టల విషయంలో, ‘అతుకు’కు మాటు అర్థమూ ఉన్నది. అయినా ‘అతుక్కొను’ అన్న క్రియలో ఒకటిగా అంటుకోవడమే ప్రధానం.

‘నూనె ఆపండి’ అని అడిగిన యజమానికి మాటు చాలుననిపిస్తుంది. ఆ తృప్తితోనే ప్రమాదం మొదలవుతుంది. కారడం ఆగినందువల్ల పగులు పెరుగుదలను తెలిపే ఒకే ఒక సూచన కూడా మరుగునపడుతుంది. డ్రాగ్ కారులో ఇరుసు విరిగేది పూర్తి శక్తి పడిన క్షణంలో కావచ్చు. జీపులో మనుషులు నిండి ఉన్నప్పుడు కావచ్చు.

6. ముగింపు:
భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, వృత్తిపదాలలో వృత్తిజ్ఞానం నిక్షిప్తమై ఉంటుందని నిరూపించింది. ఎడ్లబండి నుండి మోటారు వాహనానికి చేరిన ‘ఇరుసు’, బిందె నుండి హౌసింగ్‌కు అన్వయించదగిన ‘మాటు’, పొలంలోనూ షెడ్డులోనూ రెండర్థాలతో నిలిచిన ‘బీడు’ అటువంటి పరిశీలనకు తగినవి. మాటుకూ అతుకుకూ మధ్య భేదాన్ని పాటించడం భాషాశాస్త్ర విషయం మాత్రమే కాదు. ఆ వాహనంలో కూర్చునేవారి ప్రాణానికి సంబంధించిన విషయం.