ఊపిరి పీల్చే వేర్లు

గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ నుండి యానాం వెళ్లే దారిలో కోరింగ మడ అడవులు విస్తరించి ఉన్నాయి. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మంచినీరు, ఉప్పునీరు కలిసే పాయల నడుమ తెల్లమడ, తిల్ల వంటి చెట్లు పెరుగుతాయి. చేపలు పట్టే బావురుపిల్లులు, నీటికుక్కలు, కొంగలు, పీతలు ఇక్కడి నివాసులు. జంతువులు, పక్షులు కూడా మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతోంది.

మేము విద్యార్థులతో కలిసి ఇక్కడి చెక్కబాటపై నడిచినప్పుడు నీరు తీసి ఉంది. బురదలోంచి మేకుల్లాంటి సన్నని వేర్లు వేలకొద్దీ నిలబడి కనిపించాయి.

“హజ్రత్, వేర్లు పైకెందుకు పెరిగాయి?” అని ఒక బాలుడు అడిగాడు.

నీరు నిండిన బురదలో గాలి ఆడదు. అందుకే తెల్లమడ కొన్ని వేర్లను పైకి పంపి, వాటి సూక్ష్మ రంధ్రాల ద్వారా గాలి పీల్చుకుంటుంది. తనలో చేరిన ఉప్పును ఆకుల ద్వారా వెలికి పంపుతుంది. ప్రతి ప్రాణికీ దాని స్థితికి తగిన మార్గం చూపిన అల్లాహ్ ఎంత పరిశుద్ధుడు!

అయితే, కొన్ని వేర్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని ఉన్నాయి. సంచి కప్పేసిన వేరుకు గాలి అందదు. అలా వేర్లన్నీ మూసుకుపోతే చెట్టు క్షీణిస్తుంది. దాని నీడన పెరిగే రొయ్య పిల్లలు, చేప పిల్లలు తగ్గిపోతాయి. వాటిపై ఆధారపడిన మత్స్యకారుల జీవనోపాధి దెబ్బతింటుంది. ఉప్పెన అలల వేగాన్ని తగ్గించే గోడ కూడా పలచబడుతుంది. 1839 నవంబరులో ఇక్కడి కోరంగి రేవు తుఫానుకు నాశనమైంది. ఈ తీరవాసులకు మడచెట్టు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

దైవప్రవక్త (స) సముదాయానికి భూమి యావత్తూ మస్జిద్‌గా చేయబడింది. జుహర్ వేళ మేము చాపలు పరచి నమాజు చేసినది ఆ నేలమీదనే. మస్జిద్ లోపల ఎంగిలి విస్తరి పారవేయడానికి మనలో ఎవరూ సాహసించరు. మరి అడవిలో పారవేసే చేయి ఎందుకు వణకదు? దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని మన పిల్లలు చిన్ననాడే నేర్చుకుంటారు. హానికర వస్తువును తామే దారిలో వేయడం ఏ శాఖకు చెందుతుంది?

పండుగ సెలవుల్లో ఇటువంటి చోట్లకు వెళ్లే కుటుంబాలు అన్నం గిన్నెలతోపాటు ఒక ఖాళీ గోనెసంచిని కూడా తీసుకువెళ్లాలి. తెచ్చిన సీసాలు, పళ్లాలు, కవర్లు లెక్కపెట్టి అందులో వేసి ఇంటికి తీసుకురావాలి. ఆ లెక్క చూసే బాధ్యతను పిల్లలకే అప్పగించండి. సృష్టి మన చేతిలోని అమానత్ అన్న పాఠం వారికి అక్కడే అర్థమవుతుంది.