బడి ఊరిది, పద్దు కలెక్టరుది

చట్టం ప్రకారం పాఠశాల ప్రణాళిక రాయాల్సింది తల్లిదండ్రులు. గీదంలో మాత్రం చదువు రూపురేఖలను ఇనుప ఖనిజం, నక్సల్ ప్రాంతాల ప్రత్యేక నిధులు, రాయ్‌పూర్ ఉత్తర్వులే నిర్ణయిస్తూ వచ్చాయి

జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు గీదంలో రెండుగా చీలుతుంది. ఒకటి దంతెవాడ మీదుగా బైలాడిలా ఇనుప గనులకు. రెండోది బీజాపూర్, భోపాలపట్నం మీదుగా తెలంగాణ వైపు. ఈ కూడలికి దగ్గర్లోనే, జావంగా గ్రామంలో, ఎడ్యుకేషన్ సిటీ కనిపిస్తుంది. బడులు, హాస్టళ్లు, పాలిటెక్నిక్, ఆడిటోరియం అన్నీ ఒకేచోట. హింసలో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు 'ఆస్థా', వికలాంగులైన పిల్లలకు 'సక్షమ్' పేరుతో వేర్వేరు విద్యాలయాలు. 2015 మే 9న ప్రధాని నరేంద్ర మోదీ వచ్చి ఇక్కడి పిల్లలతో ముచ్చటించి వెళ్లారు.

ఇంత డబ్బు ఎక్కడిది? విద్యాశాఖ బడ్జెట్‌లోంచి మాత్రం కాదు. నక్సల్ ప్రభావిత జిల్లాల కోసం కేంద్రం 2010లో సమీకృత కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. జిల్లాకు తొలి ఏడాది రూ.25 కోట్లు, మరుసటి ఏడాది రూ.30 కోట్లు. దాన్ని ఖర్చు చేసే కమిటీలో సభ్యులు ముగ్గురే: కలెక్టర్, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి. వాటికి ఎన్ఎండీసీ సామాజిక బాధ్యత నిధులు, మరికొన్ని పథకాల మిగుళ్లు కలిపి అప్పటి కలెక్టర్ ఓ.పి.చౌదరి ఈ నగరాన్ని నిలబెట్టారు. బడి విషయంలో పోలీసు అధికారి సంతకమా అని ఆశ్చర్యపోవచ్చు. కానీ అప్పటికి దంతెవాడలో బడి నిజంగానే పోలీసు సమస్య.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. భద్రతా బలగాలు బడుల్లో మకాం వేశాయి. మావోయిస్టులు బడులను పేల్చేశారు. బలగాలు బడులను ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఆ ఏడాది జనాభా లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత 70 శాతం కాగా, అప్పటికి సుక్మా కూడా కలిసి ఉన్న దంతెవాడలో 42 శాతమే. ఊళ్లో బడి నడవదు కాబట్టి పిల్లలనే రోడ్డు పక్కకు తెచ్చారు. వెదురుతో, రెడీమేడ్ పలకలతో వేసిన 'పోటా క్యాబిన్' ఆశ్రమ బడులు అలా వచ్చాయి. తక్కువ ఖర్చు, త్వరగా లేస్తాయి, ఎవరికీ బంకర్‌గా పనికిరావు. తాత్కాలికం అనుకున్నవి ఏళ్ల తరబడి కొనసాగాయి. ఆ పొదుపుకు ఎంత మూల్యమో 2024 మార్చిలో తెలిసింది. పొరుగున ఉన్న బీజాపూర్ జిల్లాలో ఒక బాలికల పోటా క్యాబిన్ తగలబడి నాలుగేళ్ల పాప చనిపోయింది.

ఇక చట్టం మాట. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి అంటుంది. మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది వాళ్లే. కానీ వాళ్ల చేతికి వచ్చేదెంత? 2018లో వచ్చిన సమగ్ర శిక్ష లెక్క ప్రకారం 30 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి రూ.10 వేలు, 100 మంది వరకు రూ.25 వేలు, 250 మంది వరకు రూ.50 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోనే. పైగా పదో వంతు పారిశుద్ధ్యానికి కేటాయించాలి. కారుతున్న కప్పు మార్చాలంటే జిల్లా కేంద్రానికి అర్జీ పెట్టుకోవాల్సిందే.

అక్కడ డబ్బుంది. 2015లో ఖనిజ చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని అదనంగా కట్టాలి. బైలాడిలా పుణ్యమా అని దంతెవాడకు ఇది పెద్ద ఆదాయమే. పెత్తనం మాత్రం చేతులు మారుతూ వచ్చింది. మొదట కలెక్టర్ అధ్యక్షుడు. 2019లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం ఆ కుర్చీని జిల్లా ఇన్‌చార్జి మంత్రికిచ్చింది. 2021లో మళ్లీ కలెక్టర్‌కే ఇవ్వాలని కేంద్రం ఆదేశించింది.

విధానాలూ అంతే. రమణ్ సింగ్ హయాంలో హేతుబద్ధీకరణ పేరుతో దాదాపు మూడు వేల బడులు మూతపడ్డాయి. 2022లో బఘేల్ ప్రభుత్వం బస్తర్‌లో ఏళ్లుగా మూసి ఉన్న 260 బడుల తలుపులు తెరిచింది. 2025లో విష్ణుదేవ్ సాయి ప్రభుత్వం మళ్లీ హేతుబద్ధీకరణ చేపట్టి 10,463 బడులను విలీనం చేసింది. అప్పటికి ఆర్థిక మంత్రి ఎవరో కాదు, జావంగా నగరం కట్టిన చౌదరే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117, మూడేళ్లకే దాని రద్దు గుర్తున్న పాఠకులకు ఈ కథ కొత్తేమీ కాదు.

ప్రభుత్వ వాదన కొట్టిపారేయదగింది కాదు. విలీనమైన వాటిలో 10,297 ఒకే ఆవరణలో ఉన్నవేనని చెప్పింది. అప్పటికి రాష్ట్రంలో 212 ప్రాథమిక పాఠశాలల్లో ఒక్క టీచరూ లేకపోగా, 6,872 చోట్ల ఒక్కరే ఉండేవారు. గ్రాంటు లెక్క కూడా అటే మొగ్గుతుంది: పాతికేసి మంది ఉన్న రెండు బడులకు విడివిడిగా వచ్చేది రూ.20 వేలైతే, కలిస్తే రూ.25 వేలు. ఉపాధ్యాయ సంఘాల అభ్యంతరం వేరు. 2008 నాటి సిబ్బంది నమూనానే పాటించాలని, కొత్త లెక్కతో బడికో పోస్టు తగ్గుతోందని అవి ఆందోళనకు దిగాయి. 1998 తర్వాత పంచాయతీలు నియమించుకున్న శిక్షాకర్మీలు 2018 నుంచి విద్యాశాఖలో కలిశారు. దాంతో వాళ్ల జీతాలు స్థిరపడ్డాయి. అదే సమయంలో టీచర్‌పై ఊరికి ఉన్న కాస్త పట్టూ పోయింది.

గ్రామాల్లో వేరే చోటికి తరలించి కలిపిన బడులు 133. పది మంది కూడా పిల్లలు లేనివి, కిలోమీటరు లోపు మరో బడి ఉన్నవి అన్నది కొలబద్ద. మైదాన ప్రాంతంలో కిలోమీటరు పెద్ద దూరం కాదు. బస్తర్‌లో ఆ కిలోమీటరులోనే వాగు ఉండొచ్చు, వానాకాలం మూడు నెలలూ ఆరేళ్ల పిల్ల దాన్ని దాటలేదు. గోండీ తప్ప మరో భాష తెలియని ఒకటో తరగతి పిల్లకు ఆ భాష వచ్చిన టీచరు దొరకడం మరో సంగతి. 18 స్థానిక భాషల్లో ద్విభాషా పుస్తకాలు తెస్తామని ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఆ పుస్తకాలు చదివి చెప్పే టీచర్లను ఏ బడికి పంపాలన్నది మాత్రం యాజమాన్య కమిటీ చేతిలో లేదు.